రానని అనలేదా, రాలేదా

పెళ్ళయి పామర్రు కాపరానికి వెళ్ళిన కొత్తలో మా అత్తగారు నన్ను నలుగురికీ చూపించడానికి పక్కింటి ముత్తయిదువ చేత పేరంటం పిలిపించారు. డెబ్భైల మొదటి రోజులు. నేను బెజవాడ గవర్నర్‌పేటలో పుట్టి పెరిగినదాన్ని. కింద టోకు బట్టల కొట్లు, పైన మా వాటా. లారీల హారన్లూ హమాలీల కేకలూ లేనిదే మాకు పొద్దు గడిచేది కాదు. పామర్రులో మధ్యాహ్నం పూట నిశ్శబ్దానికి నా చెవులు గింగురుమనేవి. పేరంటాళ్ళంతా చాపల మీద సర్దుకున్నాక ఒక పెద్దావిడ, "ఏదీ, కోడలుపిల్ల చేత ఒక పాట పాడించండి" అంది.

నాకు సంగీతం రాదు. పాటలు కూడా పెద్దగా రావు. ఒక్కటి మాత్రం బాగా వచ్చు. మా నాన్న ఆదివారం ఆదివారం గ్రామఫోను మీద పెట్టుకునే పాత సినిమా పాట. ఆ పాటకీ నాకూ వయసులో రెండు మూడేళ్ళు తేడా ఉంటుందేమో, అంతే. పడవ రేవులో ఒక పిల్ల దీపం పెట్టుకుని తన మామ కోసం ఎదురుచూస్తూ పాడుతుంది.

రేవున దీపం పెట్టితినే
రెప్పలు వాల్చక చూసితినే
మామ రానని అనలేదే
మరి వస్తానని చెప్పలేదే

గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. మొదటి ముక్క అందుకోగానే చాపల మీద వాళ్ళు కూడా కలిశారు. అందరికీ వచ్చిన పాటే పాడుతున్నానని ధైర్యం వచ్చింది. రెండో వరస కూడా కలిసి హాయిగా సాగిపోయింది. మూడో వరసలో నేను "మామ రానని" అంటుండగానే వాళ్ళంతా "మామ రాలేదే" అనేసి ముందుకెళ్ళిపోయారు. నేనొక్కదాన్నే "అనలేదే" అంటూ, కళ్ళ ముందే బస్సు వెళ్ళిపోయినదానిలా వెనకాల మిగిలిపోయాను. సర్దుకుని పరుగెత్తి నాలుగో వరసలో వాళ్ళని అందుకున్నాను గానీ, పరువు అప్పటికే పోయింది.

పాట అయ్యాక మా అత్తగారు, "గొంతు బాగుందమ్మాయ్. ఒక్కచోటే తప్పావు. 'రాలేదే' అనాలి" అన్నారు.

"లేదండీ అత్తయ్యగారూ, 'రానని అనలేదే' అనే ఉంది పాటలో. మా ఇంట్లో రికార్డుంది."

"మా తమ్ముడి దగ్గరా ఉంది" అన్నారావిడ శాంతంగా. "ఊరంతా తప్పు పాడదు గదా." తాంబూలాల పళ్ళెం నా చేతికిచ్చి ఆ మాట అక్కడితో ముగించారు.

ఆవిడకి చదువు అయిదో తరగతే గానీ, తన మాట మీద నమ్మకం విషయంలో పెద్ద పెద్ద డిగ్రీలున్నవాళ్ళు కూడా ఆవిడ ముందు పనికిరారు. మావగారు చిన్న వయసులోనే పోతే, నాలుగెకరాల మాగాణి తనే చేయించుకుంటూ కొడుకుని చదివించారు. ఆ కొడుకు, అంటే మా ఆయన, ఊళ్ళో హైస్కూల్లో లెక్కల మాస్టారు. సాయంత్రం ఇంటికి రాగానే ఆయన్ని పట్టుకున్నాను. "మీరు చెప్పండి. రానని అనలేదా, రాలేదా?"

ఆయన వంటింటి వైపు చూశారు, నా వైపు చూశారు. "రాలేదు అన్నప్పుడు, రానని అన్నాడో లేదో మనకి తెలీదు గదా. రెండూ నిజం కావచ్చు" అన్నారు. తర్వాత ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో ఏ పేచీ వచ్చినా ఆయన తీర్పు ఇదే రకంగా ఉండేది.

అసలు సంగతి నాకు తెలిసింది మా బాబాయిగారింటికి భోజనానికి వెళ్ళినప్పుడు. బాబాయిగారంటే అత్తగారి తమ్ముడు. మా ఆయనకి మేనమామ, నాకు వరసకి బాబాయి. పామర్రు సెంటర్లో ఆయనకి మైకుసెట్టు కొట్టు ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళయినా, సమర్తయినా, గుళ్ళో కల్యాణమైనా, చర్చి పండగైనా, ఎన్నికలైనా బాబాయిగారి బాకాలే మోగాలి. ఆ పాట రికార్డు ఆ ప్రాంతం మొత్తానికి ఆయన దగ్గర ఒక్కటే ఉండేది. సినిమా వచ్చినప్పుడు కొన్నారట. అప్పట్నుంచీ ప్రతి శుభకార్యంలోనూ పొద్దున్నే దేవుడి పాటలయ్యాక మొదట వేసేది అదే. ఆరోజు నాకు వినిపించడానికి ప్రత్యేకంగా పెట్టారు. నేను దగ్గరికెళ్ళి నుంచుని చూశాను. మూడో వరసలో "మామ రా" అనగానే ముల్లు టిక్కుమని గెంతి "లేదే" దగ్గర పడింది. రికార్డు మీద సన్నటి గీత నా కంటికి స్పష్టంగా కనిపిస్తోంది.

"బాబాయిగారూ, ఇక్కడ గీత పడిందండి. ముల్లు గెంతుతోంది" అన్నాను.

ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నారు. "గీతేంటమ్మాయ్? నా రికార్డుల మీద ఈగ వాలనివ్వను. పాటే అలా ఉంటుంది. ఆ టిక్కు తాళం."

తర్వాత మా ఆయన నన్ను పక్కకి పిలిచి చెప్పారు. తన చిన్నప్పుడు ఏదో ఎన్నికల ప్రచారంలో మైకు జీపు కాలవగట్టు మీద గోతిలో పడిందట. ఆరోజు నుంచే టిక్కు. ఆ ముందు పాట ఎలా ఉండేదో గుర్తున్నవాళ్ళు ఎవరూ లేరు, ఉన్నా బాబాయిగారి ముందు అనరు. రికార్డు ఒక చుట్టు తిరిగేంత మేర పాట ఎగిరిపోతోందనీ, ఆ ఒక్క చుట్టులోనే "నని అన" అన్నది ఉందనీ వేళ్ళు తిప్పి లెక్క చూపించారు. "మరి ఆవేళ అత్తయ్యగారి ముందు ఎందుకు చెప్పలేదు?" అంటే, "లెక్క వేరు, ఇల్లు వేరు" అన్నారు.

గీత సంగతి తెలిశాక ఆ ఊళ్ళో ఎటు చూసినా నాకు అదే కనిపించేది. పెళ్ళి బ్యాండు వాళ్ళు ఆ పాట రికార్డు విని నేర్చుకున్నవాళ్ళే, అందుకని సరిగ్గా ఆ చోట డోలు ఒక దెబ్బ మింగేది. ఊరేగింపులో ముందు నడిచేవాళ్ళంతా అక్కడికి రాగానే ఒక అడుగు తడబడి మళ్ళీ సర్దుకునేవాళ్ళు. ఎవరికీ వింతగా అనిపించేది కాదు. మా పక్కింట్లో ఒక క్రిస్టియన్ టీచరుగారుండేవారు. ఆవిడ ఆ బాణీలో చర్చిలో పాడుకోవడానికి కీర్తన కట్టారు, టిక్కుతో సహా. ఒకసారి బెజవాడలో చర్చి పాటల పోటీకి తన బృందాన్ని తీసుకెళ్తూ, దారీ తెన్నూ తెలిసినదాన్నని నన్ను కూడా రమ్మన్నారు. అక్కడ హార్మోనియం వాయించేది బెజవాడ ఆయన. మూడో వరస దగ్గర మా పామర్రు వాళ్ళంతా ఒక్కసారిగా ముందుకు దూకారు, హార్మోనియం వెనకబడింది. రెండో చరణంలోనూ అంతే. బహుమతి రాలేదు. న్యాయనిర్ణేతగా కూర్చున్న పెద్దాయన మాత్రం టీచరుగారిని పిలిచి, "తాళం తప్పే బృందాలని చాలా చూశానమ్మా. ఇంతమంది ఇంత కలిసికట్టుగా తప్పడం ఇదే చూడటం" అన్నారు. టీచరుగారు దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నారు. తిరుగు బస్సులో అందరూ ఉత్సాహంగా ఉన్నారు.

మా నాన్నకి ఈ గొడవంతా ఉత్తరంలో రాశాను. ఆయన ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా. ఆఫీసంటే ఇష్టం లేదు, ఇంట్లో పెద్దగా మాట్లాడేవారు కాదు. ఆయనకున్న లోకమంతా ఆ గ్రామఫోనూ, అటక మీద పెట్టెలో రికార్డులూను. ఏ పాట ముందు ఎవరు పాడారు, తర్వాత ఎవరు పాడారు, ఎక్కడ మాట మార్చారు అన్నది అడగాలే గానీ అన్నం చల్లారిపోయేదాకా చెప్పేవారు. నా ఉత్తరం అందాక వచ్చిన మొదటి ఆదివారమే రెండు రికార్డులు తువ్వాలులో చుట్టి, సంచిలో పెట్టుకుని బస్సెక్కి వచ్చేశారు. దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారట. పక్కసీటాయన "చంటిపిల్లాండీ?" అని అడిగాడట.

వియ్యంకుడు వచ్చారని అత్తగారు గారెలు వండారు. బాబాయిగారిని పిలిపించారు, ఆయన కొట్లోంచి గ్రామఫోను మోయించుకొచ్చారు. భోజనాలయ్యాక మా నాన్న వసారాలో కూర్చుని ఉపన్యాసం మొదలుపెట్టారు. ఇంట్లో మూడు మాటలకి మించి మాట్లాడని మనిషి అలా మాట్లాడుతుంటే మా ఆయన ఆశ్చర్యపోయారు.

"ఈ పాట మద్రాసులో పుట్టలేదండీ. మన కాలవల మీదే పుట్టింది. పడవలు లాగేవాళ్ళ ఆడవాళ్ళు రేవుల్లో పాడుకునేవాళ్ళు. అక్కణ్ణుంచి ఒక నాటకం కంపెనీ వాళ్ళు పట్టుకెళ్ళి స్టేజీ మీద పెట్టారు. ఆ కంపెనీలో ఆడవేషాలు వేసే ఒకాయన పాడితే రికార్డిచ్చారు. అదిగో ఆ మొదటిది. ఆ తర్వాత చాలా ఏళ్ళకి సినిమా వాళ్ళు తీసుకుని, ఒక కవి చేత మెరుగులు దిద్దించి, ఒక కొత్త గాయని చేత పాడించారు. ఇదిగో రెండోది. మీరు రెండూ వినాలి. రెంటికీ అసలు తేడా ఒక్క మాటలో ఉంది. ఆ ఒక్క మాటలో ఉందండీ కవి గొప్పతనం."

ముందు సినిమా రికార్డు పెట్టారు. బాబాయిగారి ముల్లు కింద గీత లేని ఆ రికార్డు నున్నగా తిరిగింది. "మామ రానని అనలేదే" అని స్పష్టంగా వినిపించింది. నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ విస్తళ్ళు కుట్టుకుంటున్నారు, తలెత్తలేదు.

"చూశారా" అన్నారు మా నాన్న. "వస్తాడని లేదు. రాడని కూడా లేదు. ఆ పిల్లకి అంత సన్నటి ఆశ మిగిల్చాడు కవి. ఇప్పుడు పాతది వినండి."

నాటకం రికార్డు గరగరమంది. ఆ గరగరలోంచి ఒక మగాయన సన్నటి ఆడగొంతు పెట్టుకుని తీశాడు.

మామ రానని అన్నాడే
మనసు రాయిగ చేశాడే

మా అత్తగారి చేతిలో పుల్ల ఆగింది. "ఏమన్నాడన్నయ్యగారూ? మళ్ళీ పెట్టండి."

మళ్ళీ పెట్టారు. "రానని అన్నాడే." ఇద్దరు మగవాళ్ళూ గ్రామఫోను మీదికి వంగి ఉన్నారు. అత్తగారు విస్తరాకులు పక్కన పెట్టి, చేతులు దులుపుకున్నారు.

"రానన్నాడు. రాలేదు. సరిపోయింది గదా."

మా నాన్న రికార్డు మీంచి ముల్లు తీశారు. "అది కాదు చెల్లెమ్మా, కవి అక్కడ మార్చింది..."

"మొదట ఉన్న పాటలో రానన్నాడు. మా ఊరి పాటలో రాలేదు. రెండూ ఒక్కటే మాట. మధ్యలో ఈ అనలేదు అన్నది మద్రాసులో ఎవరో పెట్టారు." లేచి మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళారు. బాబాయిగారు, 'నా రికార్డు మీద గీత లేదని తేలింది గదా' అన్నట్టు నా వైపు చూశారు. మా నాన్న సాయంత్రం బస్సుకి రికార్డులు మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోయారు. వెళ్ళేముందు నాతో, "మీ అత్తగారు లాయరు కావలసింది" అన్నారు. ఆ గొంతులో కోపం ఉందో గౌరవం ఉందో పోల్చుకోలేకపోయాను.

ఆ ఎండాకాలం టూరింగ్ టాకీసులో ఆ సినిమా మళ్ళీ వచ్చింది. ఇంకేం, తేలిపోతుందనుకుని అందరినీ బయల్దేరదీశాను. అత్తగారికి కుర్చీ టిక్కెట్టు తీసుకుంటే నేల మీదే బాగుంటుందని వెళ్ళి కూర్చున్నారు. పాట వచ్చేసరికి నేలా బెంచీ కుర్చీ అన్న తేడా లేకుండా జనమంతా అందుకున్నారు. "మామ రాలేదే" అన్న కేకకి తెర మీది పిల్ల ఏమందో దేవుడికే తెలియాలి. జనం పాట ముగించేశాక కూడా ఆ పిల్ల ఇంకా కాస్త పెదవులు కదిపింది. పాటయిన కాసేపటికే రీలు తెగి, మామ వచ్చాడో లేదో తేలకుండానే ఆట ఆగిపోయింది. ఇంటికొస్తూ అత్తగారు, "చూశావుగా, ఆ అమ్మాయి నోరు కూడా సరిగ్గా కలవలేదు" అన్నారు.

నేను ఓడిపోయానని ఒప్పుకోవడానికి సిద్ధపడుతున్న రోజుల్లో మా ఆయన స్కూలుకి కొత్త గదులు కట్టించాలని పెద్దలు తలపెట్టారు. చందాల కోసం పాట కచేరీ పెడదామన్నారు. ఎవరెవరినో అనుకుని చివరికి ఆ పాట పాడిన గాయనినే పిలిచారు. అప్పటికి ఆవిడకి సినిమాల్లో అంతగా పాటలు లేవు. ఉత్తరం రాయగానే వస్తానన్నారు. మైకుసెట్టు బాబాయిగారిది. ఆయన కొత్త చొక్కా కుట్టించుకున్నారు.

స్కూలు ఆవరణలో పందిరి వేశారు. పొద్దు వాలకముందే జనం పామర్రు చుట్టుపట్ల ఊళ్ళ నుంచి ఎడ్లబళ్ళ మీదా ట్రాక్టర్ల మీదా వచ్చి నిండిపోయారు. ఆవిడ బెజవాడ నుంచి అంబాసిడర్ కార్లో దిగారు. నేను ఆ గొంతుకి ఎప్పుడూ పదహారేళ్ళే ఊహించుకున్నాను. దిగినావిడ మా పక్కింటి టీచరుగారిలా కళ్ళజోడు పెట్టుకుని, మెడకి మఫ్లరు చుట్టుకుని, "మంచినీళ్ళు కాచినవి ఉన్నాయాండీ?" అని అడిగారు.

రెండు భక్తి పాటలు పాడారు. జనం మర్యాదగా విన్నారు. మూడోదిగా మన పాట మొదలుపెట్టగానే పందిరి కింద కలకలం రేగింది. ఆవిడ చిరునవ్వు నవ్వి చెయ్యి ఊపారు, కలిసి పాడమన్నట్టు. పాపం, అదే పొరపాటయింది. మొదటి రెండు వరసలూ ఊరంతా కలిసి పాడింది. మూడో వరసలో ఊరు ముందుకు దూకింది. తబలా ఆయన వెనకపడ్డాడు. వయొలిన్ ఆయన ఎటు వెళ్ళాలో తెలియక మధ్యలో తేలాడు. ఆవిడ ఆపేశారు. వాద్యాల వాళ్ళ వైపు చూసి, మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకున్నారు. మళ్ళీ అదే. మూడోసారి ఆవిడ గొంతు పెంచి "రానని" అన్నారు. జనం ఇంకా గొంతు పెంచి "రాలేదే" అన్నారు.

మైకులో ఏదో తేడా ఉందనుకున్నారేమో, ఆవిడ బాబాయిగారి వైపు చెయ్యి చూపారు. బాబాయిగారు స్టేజీ ఎక్కారు. మైకు గొట్టాన్ని ఇటూ అటూ తిప్పి, నోటి దగ్గర పెట్టుకుని, ఊరంతటికీ వినపడేలా ఎంతో వినయంగా అన్నారు. "మైకు బాగానే ఉందమ్మా. మీరే మధ్యలో ఏదో కలుపుతున్నారండి."

మా ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. హెడ్‌మాస్టరుగారు లేచి నుంచుని కూర్చున్నారు. ఆవిడ, "ఏం కలుపుతున్నానండీ?" అని అడిగారు.

"నని అన" అన్నారు బాబాయిగారు.

ఆవిడ పెదవులు కదిపి చూసుకున్నారు. రాలేదే. రానని అనలేదే. తర్వాత స్టేజీ మీదే కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వాద్యాల వాళ్ళు కూడా నవ్వారు. జనం ఎందుకో తెలియకపోయినా నవ్వారు. చివరికి ఆవిడ లేచి, "సరేనండి, మీ ఊళ్ళో మీ పాటే పాడతాను" అని తబలా ఆయనకి ఏదో చెప్పారు. ఆయన ఎంత ప్రయత్నించినా ఆ ఒక్క దెబ్బ మింగలేకపోయాడు. చెయ్యి అలవాటు కొద్దీ పడిపోయేది. ఆఖరికి తబలా పక్కన పెట్టి చేతులు కట్టుకు కూర్చున్నాడు. ఊరూ ఆవిడా కలిసి పాట పూర్తిచేశారు. అంత పెద్ద చప్పట్లు నేను మళ్ళీ వినలేదు.

మా ఆయన కమిటీలో ఉండటం వల్ల ఆవిడ భోజనం మా ఇంట్లోనే. పెరుగన్నం చాలన్నారు. తోడుకి నేనూ పక్కన విస్తరేసుకుని కూర్చున్నాను. అత్తగారు ఎదురుగా కూర్చుని విసురుతూ, ఇన్నాళ్ళుగా కడుపులో పెట్టుకున్న ప్రశ్న అడిగేశారు.

"ఇంతకీ అమ్మా, ఆ మామ వచ్చాడా, రాలేదా?"

గాయని ముద్ద ఆపి ఆలోచించారు. "నాకు తెలీదండీ. నేను ఆ సినిమా చూడలేదు."

"చూడలేదా?"

"పాట పాడేసి మా ఊరు వెళ్ళిపోయానండి. తర్వాత కుదరలేదు."

నేను ఇంక ఆగలేకపోయాను. కవిగారు పాత నాటకం పాటలో "అన్నాడే"ని "అనలేదే"గా మార్చిన సంగతి ఎత్తి, ఆ ఒక్క మాటలో ఎంత ఆశ ఉందో, మా నాన్న చెప్పిందంతా అప్పజెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు.

"కవిగారు మార్చలేదమ్మా" అన్నారు నెమ్మదిగా. "ఆయన రాసిచ్చింది 'అన్నాడే' అనే. ఆరోజు పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. అప్పుడు పాట ఏకబిగిన పాడాలి, ఎక్కడ తప్పినా అందరూ మళ్ళీ మొదట్నుంచీ వాయించాలి. కింద వరసలో 'చెప్పలేదే' ఉందిగా, కంగార్లో ఆ 'లేదే' ముందే నోట్లోకి వచ్చేసింది. ఏడుపొచ్చింది నాకు. వయొలిన్ వాయించే పెద్దాయనకి రైలు టైమవుతోంది. బాగానే ఉంది పోనివ్వండి అన్నారు డైరెక్టరుగారు. కవిగారు మర్నాడు విని మండిపడ్డారట. సినిమా వచ్చాక అందరూ ఆ మాటే మెచ్చుకుంటుంటే ఊరుకున్నారు."

మా అత్తగారు విసనకర్ర ఆపలేదు గానీ, నా వైపు ఒక చూపు చూశారు. అది గెలిచినవాళ్ళ చూపు కాదు. నాకు ఇంకో గరిటె పెరుగు వెయ్యాలా అని అడిగే చూపు. నిజంగానే వేశారు కూడా.

నాకు నవ్వొచ్చింది, కొంచెం బాధా వేసింది. చిన్నప్పట్నుంచీ ఆ "అనలేదే" దగ్గర మా నాన్న కళ్ళు మూసుకోవడం చూశాను. ఆ మాట ఒక పిల్ల ఆకలి మీద నోరు జారితే పుట్టిందని ఆయనకి ఎలా చెప్పడం? చెప్పకుండా ఉండలేక, పురిటికి పుట్టింటికి వెళ్ళినప్పుడు ఒకరోజు చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఎవరు చెప్పారు?"

"ఆవిడే నాన్నా. మా ఇంట్లో కూర్చుని చెప్పింది."

"ఆవిడకేం తెలుసు" అన్నారు మా నాన్న. "ఆవిడ ఒక్కసారి పాడి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళు విన్నది మేం." మళ్ళీ పేపరు విప్పుకున్నారు. ఆ ఆదివారం ఎప్పటిలాగే రికార్డు పెట్టారు, ఆ మాట దగ్గర ఎప్పటిలాగే కళ్ళు మూసుకున్నారు.

ఆ దశకం చివర్లో ఆవిడ పాత పాటలన్నీ కొత్త వాద్యాలతో మళ్ళీ పాడి పెద్ద రికార్డు ఇచ్చారు. అది నిదానంగా తిరిగే రకం, ఒక వైపే అరడజను పాటలు పట్టేవి. బాబాయిగారు బెజవాడ వెళ్ళి కొనుక్కొచ్చారు. ఆవిడ ఇందులో కూడా "రానని అనలేదే" అనే పాడారు. గిటార్లూ అవీ చేర్చారు. ఒక పెళ్ళిలో వేస్తే జనానికి నచ్చలేదు. పాతది వెయ్యమన్నారు. పాతది అప్పటికి అరిగి గొంతే వినపడటం మానేసింది. బాబాయిగారు రెండు రోజులు ఆలోచించి, ఎవరికీ చెప్పకుండా పిన్నీసు తీసుకుని కొత్త రికార్డు మీద సరైన చోట తనే ఒక గీత గీశారు.

తర్వాతి పెళ్ళి మా వీధిలోనే. పొద్దున్నే దేవుడి పాటలయ్యాక అది వేశారు. రేవున దీపం పెట్టింది, రెప్పలు వాల్చక చూసింది, టిక్కుమంది, ఆ తర్వాత ఏకంగా "చెప్పలేదే" దగ్గర తేలింది. మధ్యలో మామ ఊసే లేదు. ముహూర్తానికి వచ్చినవాళ్ళంతా అటు చూశారు. ఇది నిదానంగా తిరుగుతుంది కాబట్టి ఒక చుట్టు గెంతితే రెట్టింపు పైనే పాట పోతుందని మా ఆయన అక్కడే నుంచుని వేళ్ళు తిప్పి చూపించబోయారు. బాబాయిగారు వినిపించుకునే స్థితిలో లేరు. పీట మీద పెళ్ళికూతురు ఫక్కున నవ్వింది. మా అత్తగారు తమ్ముణ్ణి పక్కకి పిలిచి, "ముందు వెళ్ళి టిఫిను తినరా, ఇడ్లీలు వేడిగా ఉన్నాయి" అన్నారు. ఆయన వెళ్ళారు. పెళ్ళివారు సన్నాయి మేళాన్ని అందుకోమన్నారు.